ప్లగ్గు మీద చుక్క

1964 జూలై 28, మంగళవారం. పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మేజిస్ట్రేటు గారి గది. పోలీసులను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి రాసుకున్నది.

నా పేరు ఆడెపు అంబదాస్. తండ్రి పేరు లక్ష్మీరాజం. వయసు నలభై ఒకటి. పద్మశాలి. పుట్టింది సిరిసిల్ల, పన్నెండేండ్ల సంది మంచిర్యాలల ఉంటున్న. మగ్గం ఇడిచిపెట్టి కరెంటు పని నేర్చుకున్న. వైరింగ్ లైసెన్సు ఉన్నది. చెప్పుమని నన్ను ఎవలూ బలవంతపెట్టరని, చెప్పింది నా మీదికే రావచ్చని హుజూర్ రెండుసార్లు అన్నరు. రెండుసార్లూ విన్న. నా అంతట నేనే వచ్చిన.

ఇదే నెల పదిహేడు నాడు ఠాణాల ఒక వాంగ్మూలం ఇచ్చిన. అందుల ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా ఆ కాయితం వల్లనే దెబోరమ్మ జైల్ల ఉన్నది. అందుకే మళ్లీ చెప్తున్న.

మంచిర్యాల స్టేషను రోడ్డు మీద సామ్యూల్‌ది ఫోటో స్టూడియో. నాకంటె నాలుగేండ్లు చిన్న. దెబోరమ్మ ఆయన భార్య. ఫోటోలు కడిగే చీకటిగదిల ఇద్దరూ పనిచేస్తరు. ఆ గదిల ఫోటో పెద్దగ చేసే మిషను ఉన్నది. పైన ఇనుప డబ్బ, దాంట్ల బల్బు, కింద కాయితం. బల్బు ఎన్ని సెకన్లు వెలగాలెనో అన్నే వెలగాలె. చేతితోని స్విచ్చి వేస్తే ఒక ఫోటో నల్లగ, ఒకటి తెల్లగ వస్తున్నదని పోయిన దసరా తర్వాత నన్ను పిలిచిండు. పాత గడియారం యంత్రంతోని టైమర్ కట్టి ఇచ్చిన. ముల్లు తిప్పి వదిలితే సెకను తప్పకుండ దీపం ఆరుతది. పని మంచిగనే చేసిన. అది ఇప్పుడు గూడ చెప్త.

హుజూర్ అడిగిండ్రు గనుక విడమరిచి చెప్తున్న. కరెంటుకు రెండు తీగెలు. ఒకటి కరిచేది, ఒకటి కరవనిది. టైమరు కరిచే తీగెను ఆపాలె. అప్పుడు దీపం ఆరితే మిషనుల కరెంటు ఉండది. కరవని తీగెను ఆపినా దీపం ఆరుతది, కాని బల్బు పెట్టే హోల్డరుల కరెంటు అట్లనే ఉంటది. చూసెటోనికి రెండూ ఒక్కతీరే. నేను సరిగ్గనే కట్టిన. కాని ప్లగ్గు రెండు పుల్లలది. తిరగేసి పెట్టినా పడుతది. తిరగేస్తే నేను కట్టిందంత ఉల్టా అయితది. మూడు పుల్లల ప్లగ్గు పెట్టి, ఒక తీగె భూమిలకు దించాలె. తెలువక కాదు. ఇక్కడ బజార్ల దొరకలేదు. వరంగల్ పోయి తెచ్చేదాక సామ్యూల్ ఆగనన్నడు. నేనూ గట్టిగ చెప్పలేదు.

ప్లగ్గుకు ఒక పక్క, గోడ మీది సాకెట్టుకు ఒక పక్క ఎర్ర రంగు చుక్క పెట్టిన. ఎరుపుకు ఎరుపు కలిపి పెట్టుమని ఇద్దరికీ చెప్పిన. మా పనిల కరిచే తీగెకు ఎరుపే గుర్తు. ఎన్ని వందల ఇండ్లల పెట్టిన్నో. చెయ్యి దానంతట అదే ఎర్ర డబ్బ మీదికి పోతది.

ఆ గదిల సాకెట్టు ఒక్కటే. ఫోటోలు ఆరబెట్టే హీటరు గూడ దాంట్లనే. దినాం పదిసార్లు ఒకటి తీసి ఒకటి పెడుతరు.

ఫిబ్రవరిల దెబోరమ్మ మా ఇంటికి వచ్చింది. "అన్నా, గా మిషను కరుస్తున్నది. జర చూసిపో" అన్నది.

"రోజూ కరుస్తదా?" అన్న.

"లే. ఒకనాడు కరుస్తది, ఒకనాడు కరవది. ఆయనకు చెప్తే నవ్వుతుండు."

నేను గూడ నవ్విన. "మొగనికి మిజాజు ఉన్నట్టే మిషనుకు గూడ ఉంటది చెల్లె. తడి చేతులతోని ముట్టకు" అన్న. పోయి చూసిన. పట్టపగలు, తలుపు తెరిచి, తెల్ల దీపం వేసి చూసిన. ఎరుపుకు ఎరుపు కలిసే ఉన్నది. టెస్టరు పెట్టిన, ఏం లేదు. ఎందుకన్న మంచిదని ఒక ఎండిన టేకు పలక తెచ్చి కింద వేసి, ఎండిన కట్టెల కరెంటు పారది, దీని మీదనే నిలబడుండ్రి అన్న. ఒకనాడు కరిచి ఒకనాడు కరవనిది ఏంటిదని మళ్ల ఆలోచన చేయలేదు. లైసెన్సు ఉన్నోన్ని. ఆలోచన చేయలేదు.

జూలై పదిహేడు, శుక్రవారం. వాన. బొగ్గుబాయి కార్మికుల గుర్తింపు కార్డులకు ఫోటోలు ఆ సాయంత్రానికి ఇయ్యాలె. జనం గడప దాటి రోడ్డు మీదికి నిలబడ్డరు. పదిన్నరకు నేను ఆ తొవ్వ పోతుంటే, టేకు పలక గడప ముందట బురదల ఉన్నది. సామ్యూల్ దాన్ని కాలితోని సరిచేస్తుండు.

"నా పలకను ఊరంతటితోని తొక్కిస్తున్నవా?" అన్న.

"ముసలోళ్లు జారిపడుతుండ్రన్నా. పుణ్యం నీకే పో" అన్నడు.

అదే ఆఖరి మాట. ఆ పలక ఎందుకు వేసిన్నో అప్పుడు నాకు యాదికి రాలేదు.

పదకొండు గంటల పది నిమిషాలకు అయ్యిందట. దెబోరమ్మ హీటరు తీసి మిషను ప్లగ్గు పెట్టింది. కాయితాలు బయట ఉన్నయి. తెల్ల దీపం వేస్తే అన్నీ ఖరాబయితయని ఎర్ర దీపం కిందనే పెట్టింది. అది తిరగబడ్డది. నాలుగు ఫోటోలు అయినంక బల్బు మాడిపోయింది. దీపం లేదు గనుక కరెంటు లేదనుకొని, సామ్యూల్ తడి చేతితోని బల్బు మర విప్పిండు. నేను ఉరికిపోయేసరికి ఇరవై అయిదు నిమిషాలయింది. బల్బు ఆయన చేతిలనే ఉన్నది. పగలలేదు.

ఠాణాల అడిగితే, గుర్తు పెట్టిన, ఆమెకు రెండుసార్లు చెప్పిన, కలిపి పెడితే ఏం కాదు అన్న. ముందటి రోజు మొగడు పెండ్లాలు కొట్లాడుకున్నరని పక్కింటి యాదవ్వ చెప్పింది. పోలీసులు రెండూ కలిపిండ్రు. తెలిసి తెలిసి తిరగేసి పెట్టిందని కేసు రాసిండ్రు.

ఇరవై నాలుగు నాడు పంచనామాకు నన్ను పిలిచిండ్రు. ఇన్స్‌పెక్టరు ఆనాటి తీరుగనే తలుపు మూయించి, ఎర్ర దీపం వేయించి, గుర్తు చూపియ్యి అన్నడు. చూసిన. ప్లగ్గు తెల్లది. చుక్క లేదు. సాకెట్టు మీద చూసిన. లేదు. వేలితోని రుద్దిన, కండ్లు నులుముకున్న. నా చేతితోని పెట్టిన చుక్క హుజూర్, లేదు. మసక చీకట్ల నాకు ఆనలేదనుకొని ఆయన తెల్ల దీపం వేయించిండు. ఉన్నది. ఎర్ర వెలుగుల ఎరుపూ తెలుపూ ఒక్కతీరుగనే కనపడుతయి. ఆ గదిల పనిచేసెటోళ్లకు ఏనాడూ కనపడని గుర్తు పెట్టి, కలిపి పెట్టుమని చెప్పిన.

"ఉన్నది గదా?" అన్నడు ఇన్స్‌పెక్టరు.

"ఉన్నది" అన్న. సంతకం పెట్టి ఇంటికి పోయిన. లైసెన్సు పోతదని, జైలుకు పోతనని భయపడ్డ. అన్నం గూడ తిన్న ఆనాడు. చెప్పుకుంటే సిగ్గయితున్నది.

ఆదివారం దెబోరమ్మ తల్లి ప్రేమమ్మ బతిమాలితే ఆమె వెంట జైలుకు పోయిన. దెబోరమ్మ నన్ను తిట్టలేదు. "అన్నా, నువ్వు పెట్టిన గుర్తు నేనే చూడలే. ఎంత యాది చేసుకున్నా గా చుక్క నా కండ్లకు వస్తలేదు. నా చేతులతోనే ఆయనను సంపుకున్న. ఒప్పుకుంట అని రేపు మాపు చెప్త" అన్నది. ప్రేమమ్మ నోట్ల కొంగు కుక్కుకున్నది. నేను నోరు మూసుకుంటే ఆమె చెయ్యని ఖూనీ ఒప్పుకుంటది.

తప్పు నాది. ఆమెది కాదు. ఇంతవరకు ఒక మాట.

ఇంకొక మాట ఉన్నది. ఇసొంటి టైమర్లు నేను మూడు కట్టిన. మూడింటికీ ఎర్ర చుక్కలే. పెద్దపల్లి హనుమండ్లు స్టూడియోల ప్లగ్గును ఆదివారం సాయంత్రమే పోయి కోసేసిన. మూడోది ఖానాపూర్ల సిద్దిరాములుది. నిన్న బస్సు ఎక్కితే, వాగు పొంగిందని నడుమ నుంచే వెనుకకు మళ్లించిండ్రు. నాలుగు గంటలకు టెలిగ్రాం కొట్టిన. జవాబు లేదు. ఆయన పోయిన నెల రాసిన కార్డు ఇది, దాఖలు చేస్తున్న. మిషను మంచిగ నడుస్తున్నది, ఒకనాడు జర జివ్వుమంటది, ఒకనాడు ఏం అనదు, అని రాసిండు. దానికి నేను జవాబు రాయలేదు.

సిద్దిరాములు రోజూ పన్నెండు గంటలకు చీకటిగది తలుపు మూసి మిషను పని మొదలుపెడుతడు. ఇప్పుడు పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. ఇది చదివి వినిపించాలెనని గుమాస్తా గారు అంటుండు. హుజూర్, ముందుగాల ఖానాపూర్ ఠాణాకు వైర్‌లెస్ చేయించుండ్రి. చదవకున్నా సంతకం పెడుత. చెప్పిందంత నిజమే, ఎవలూ నేర్పింది కాదు. పెన్ను ఇయ్యుండ్రి.

(సంతకం) ఆడెపు అంబదాస్