ఎదుటివారి వాక్యం ముందు చదివిన మాస్టారు

1942 జూన్ 15వ తేదీ సోమవారం నాడు శ్రీ సుందరరాజు గారు తిరువూరులోని మన మిషన్ ప్రాథమిక పాఠశాలలో సహాయోపాధ్యాయులుగా చేరారు. తమ రేకు పెట్టెను పోగొట్టుకున్నదీ ఆ రోజే. యుద్ధకాలం కావడం వల్ల బెజవాడ నుంచి వచ్చే బస్సు బొగ్గు గ్యాసుతో నడిచేది. ఎత్తు వచ్చిన ప్రతిచోటా ప్రయాణికులు దిగి నడిచేవారు, ఓపికున్నవారు తోసేవారు. మైలవరం దాటాక అలా అందరూ దిగి నడుస్తున్న వేళ, టాపు మీది పెట్టె జారిపోయిందో, ఎవరైనా దించుకున్నారో తెలియలేదు. అందులో రెండు పంచెలు, ట్రైనింగు సర్టిఫికెట్లు, తండ్రిగారు చివరి రోజుల్లో చేతిలో పెట్టిన బైబిలు ఉన్నాయి. ఇరవై రెండేళ్ల సుందరరాజు గారు ఒంటి మీది బట్టలతో బడి మెట్ల ముందు నిలబడి, తాను ఉపాధ్యాయుణ్నని ఎలా రుజువు చేసుకోవాలో తెలియక చెమట తుడుచుకుంటున్నారు. అప్పటికి మూడేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న శ్రీ ఏసోబు గారు బయటికి వచ్చి ఆయన్ను తేరిపార చూశారు.

"కాగితాలు లేవా? పోనీ, పంతొమ్మిదో ఎక్కం వచ్చా?"

"వచ్చండి."

"నాకు రాదు. అయితే నువ్వు నాకంటే మంచి పంతులువే. లోపలికి రా తమ్ముడూ."

"బైబిలు కూడా పోయిందండి, అన్నయ్య గారూ."

"నాది ఉందిగా. బీరువాలో పెడతా, ఇద్దరం చదువుకుందాం."

ఆ బైబిలు ఈనాటికీ ఆ బీరువాలోనే ఉంది. తరువాతి కాలంలో సుందరరాజు గారు తమకంటూ ఒకటి కొనుక్కున్నారు గాని, బడిలో ఉన్నంతసేపూ చదివింది మాత్రం ఏసోబు గారి పుస్తకమే. అందులో ఏసోబు గారు నీలి పెన్సిలుతోనూ, సుందరరాజు గారు ఎర్ర పెన్సిలుతోనూ గీతలు గీసేవారు. ఎవరు ఏ వాక్యం దగ్గర ఆగారో రెండోవారికి తెలిసేది.

1949 నుంచి అయిదేళ్లపాటు సుందరరాజు గారు వినగడపలో ఏకోపాధ్యాయ పాఠశాలను నడిపారు. నాలుగు తరగతులను ఒకే పాకలో కూర్చోబెట్టి, నాలుగింటికీ నాలుగు పాఠాలు చెప్పడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. తిరిగి తిరువూరు వచ్చి, 1961లో ప్రధానోపాధ్యాయులయ్యారు. సీనియారిటీని బట్టి ఆ స్థానం ఏసోబు గారికి రావలసింది. "ఇనస్పెక్టర్‌ని చూస్తే నాకు నోరు పెగలదు, కాగితం చూస్తే నిద్రొస్తుంది. ఆ కుర్చీ నీకే కుదురుతుంది" అని ఆయనే ముందుకు తోశారు. తనకంటే పెద్దవారి మీద అధికారిగా ఉండవలసి వచ్చిన ఆ పద్నాలుగేళ్లలో సుందరరాజు గారు ఏసోబు గారికి మెమో ఇవ్వలేదు. ఆయన ఆలస్యంగా వచ్చిన రోజున ఆ తరగతి తామే మొదలుపెట్టి, ఆయన గుమ్మంలోకి రాగానే సుద్దముక్క చేతికిచ్చి వెళ్లిపోయేవారు. మెమో ఇచ్చినా అంత పని చేసేది కాదు.

వారి బోధనా పద్ధతి గురించి ఒక మాట. 1957లో అయిదో తరగతిలో భిన్నాల భాగహారం లెక్క ఒకటి నల్లబల్ల మీద చేసి, తప్పు జవాబు రాశారట. జైనాబీ అనే అమ్మాయి లేచి, "తప్పు సార్" అన్నది. "తప్పన్నావు సరే, నేను ఆ తప్పులోకి ఏ దారిన పోయానో చెప్పగలవా?" అని వారు అడిగారు. ఆ పిల్ల కాసేపు చూసి, "మీరు రెండో మెట్టులో తిరగెయ్యడం మర్చిపోయారు సార్, అక్కడిదాకా మీరు చేసింది బాగానే ఉంది" అన్నది. ఆనాటి నుంచి అది వారి తరగతిలో నియమమైంది. ఎదుటివాడి లెక్క తప్పు అనదలచినవాడు, ముందు వాడు ఏమనుకుని ఆ లెక్క చేశాడో వాడు ఒప్పుకునేలా చెప్పాలి. "అవును, నేను అనుకున్నది అదే" అని వాడు అన్న తరువాతే దిద్దాలి. ఆ పద్ధతిలో చదువుకున్నవారు ఈ అభినందన సంచిక చదివేవారిలో చాలామంది ఉన్నారు.

అటువంటి మాస్టారు కూడా ఒకసారి ఆ నియమాన్ని మరిచిపోయారు. ఆ సంగతి మరుగుపరచి రాస్తే అభినందన అసంపూర్ణమవుతుంది. వారు కూడా దాన్ని ఎన్నడూ దాచలేదు.

1973 నవంబరు 24, శనివారం. కోసిన వరి పనల మీదే ఉంది, ఆకాశం నిండా మబ్బు. మన సంఘంలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, కొందరు పాలుకు, అంటే పంటలో వాటాకు, సేద్యం చేసేవారు. రైతు దశరథరామయ్య గారు స్వయంగా మన ప్రార్థన గుడి వాకిట్లోకి వచ్చారు.

"పంతులు గారూ, మీ దేవుడు మీకు ఆదివారం సెలవిచ్చాడు, బాగానే ఉంది. మబ్బుకి మాత్రం సెలవివ్వలేదు. రేపు మనుషులు రాకపోతే పంట నీళ్లపాలే. నాదే కాదు, పాలుకు చేసేవాళ్లది కూడా."

ఆయన వెళ్లిపోయాక సంఘం కూర్చుంది. ఆరాధన జరిపే గురువు గారు నెలకొకసారి వచ్చేవారు కనుక నిర్ణయం పెద్దలదే. పెద్దల్లో ముఖ్యులు సుందరరాజు గారు, ఏసోబు గారు. ఆదివారం ప్రభువు దినమనీ, ఎవరు పిలిచినా వెళ్లరాదనీ ఏసోబు గారు అన్నారు. విశ్రాంతి దినం మనిషి కోసం కలిగిందని ప్రభువే చెప్పాడనీ, గుంటలో పడ్డ ఎద్దును ఆ రోజున పైకి తీయకుండా ఎవరుంటారని అడిగింది కూడా ఆయనేననీ సుందరరాజు గారు అన్నారు. ఒకరు ఒక వాక్యం తీస్తే ఇంకొకరు మరొకటి తీశారు. దీపాలు పెట్టే వేళ దాటినా మాట తెగలేదు. అరెకరం పాలుకు చేస్తున్న జోజమ్మ లేచింది.

"మాస్టార్లిద్దరూ నెలజీతగాళ్లు. వాన కురిస్తే మీకేం తడుస్తుంది అయ్యా? గొడుగులున్నాయిగా! ఏదో ఒకటి తేల్చండి, పొద్దున్నే కొడవలి పట్టుకోవాలో పాటల పుస్తకం పట్టుకోవాలో."

అందరూ నవ్వారు. సుందరరాజు గారు మాత్రం నొచ్చుకున్నారు. ఆ నొప్పిలో, అపొస్తలులు పన్నెండోవాణ్ని ఎంచుకోవడానికి చీట్లు వేశారు కదా, మనమూ వేద్దాం అన్నారు. "దేవుడి చిత్తం చీటీలోనే ఉంటే, ఇంత లావు పుస్తకం రాయించడం దేనికి తమ్ముడూ?" అని ఏసోబు గారు అడిగారు. అయినా రెండు చీట్లు రాసి గిన్నెలో వేశారు. జోజమ్మ తీసింది. "వెళ్లండి" అని వచ్చింది.

సగం మంది వెళ్లారు, సగం మంది వెళ్లలేదు. సోమవారం వాన పడింది. వెళ్లినవారి ధాన్యం దక్కింది. దేవుని చిత్తం ఏదో తేలిపోయిందని వెళ్లినవారు వెళ్లనివారి ముఖం మీదే అన్నారు. మరుసటి ఆదివారం ఏసోబు గారు, వారితో పదకొండు కుటుంబాలు వారి ఇంటి ముంగిట్లో వేరుగా ఆరాధన మొదలుపెట్టారు.

రెండు వారాలు సుందరరాజు గారికి నిద్ర లేదని వారి సతీమణి నాగేంద్రమ్మ గారు చెబుతారు. మూడో ఆదివారం వారు గుడిలో, తమ పక్షం వారి మధ్యనే, లేచి నిలబడి ఇలా అన్నారు:

"వాన పడింది, మన గింజలు దక్కాయి, నిజమే. పడకపోయి ఉంటే మనది తప్పయ్యేదా? వానను సాక్ష్యానికి పిలవకండి. వాన వెళ్లనివాళ్ల పెరట్లోనూ కురిసింది. చీటీ వేయించింది నేను. దేవుడి మాట వినడానికి కాదు, ఏసోబు గారి మాట వినే ఓపిక లేక వేయించాను. ఆ అపొస్తలులు పరిశుద్ధాత్మ రాకముందు చీట్లు వేశారు. వచ్చిన తరువాత, అంతకంటే పెద్ద తగవు వచ్చినప్పుడు, యెరూషలేములో కూర్చుని ఒకరి మాట ఒకరు విన్నారు. మళ్లీ చీటీ ముట్టలేదు. అయిదో తరగతి పిల్లలకు నేర్పేది నేను మరిచిపోయాను."

ఆ సాయంత్రమే వారు ఏసోబు గారి ఇంటికి వెళ్లారు. ఏసోబు గారు మంచం మీద నుంచి లేవలేదు.

"ఏం తమ్ముడూ, ఒప్పుకోవడానికి వచ్చావా, ఒప్పించడానికి వచ్చావా?"

"వినడానికి వచ్చానండి."

"అయితే ఇక్కడ కాదు. ఇక్కడ నావాళ్లుంటారు, గుళ్లో నీవాళ్లుంటారు. గురువారం మధ్యాహ్నం బళ్లో కలుద్దాం. అక్కడ మనిద్దరం పంతుళ్లమే."

అలా మొదలైన గురువారాలు దాదాపు నాలుగేళ్లు సాగాయి. 1975లో ఏసోబు గారు పదవీ విరమణ చేశాక కూడా, గురువారం నాడు అన్నం గిన్నెతో బడికి వచ్చేవారు. పద్ధతి జైనాబీ లెక్క పద్ధతే. సుందరరాజు గారు ఆదివారం వెళ్లకూడదని వాదించాలి. ఏసోబు గారు వెళ్లవచ్చునని వాదించాలి. తమ మాట సరిగ్గా చెప్పారని ఎదుటివారు ఒప్పుకునేదాకా ముందుకు పోకూడదు. వరండాలో అన్నం తినే ఉపాధ్యాయులందరికీ ఆ మాటలు వినిపించేవి.

"పదాజ్ఞల్లో ఉంది గనుక ఆదివారం పని చేయరాదు" అని సుందరరాజు గారు ఒకనాడు మొదలుపెట్టారు.

"నా మాట చెప్పావు గాని నా కడుపుమంట చెప్పలేదు. మళ్లీ చెప్పు."

"మీ కడుపుమంట నాకెలా తెలుస్తుందండీ?"

"ద్వితీయోపదేశకాండం తీయి. ఆ ఆజ్ఞ అక్కడ రెండోసారి ఇచ్చినప్పుడు కారణం ఏం చెప్పాడో చూడు."

సుందరరాజు గారు తీసి చదివారు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది జ్ఞాపకం చేసుకోండి, అందుకే ఈ దినం మీకిచ్చాను అని అక్కడ ఉంది. ఏసోబు గారు గిన్నె పక్కన పెట్టి అన్నారు: "మా నాయన పాలేరుతనం చేసినన్నాళ్లూ ఆయనకు వారం లేదు, వర్జ్యం లేదు. పిలిస్తే పోవడమే. దొర గుమ్మంలో నిలబడి 'రేపు రానండి' అని ఆయన మొదటిసారి అన్నది ఒక శనివారం. నలభై ఏళ్లొచ్చాక. ఆ ఒక్క మాట పోతే మావాళ్లకు మిగిలేదేముంది?"

సుందరరాజు గారు ఎర్ర పెన్సిలు తీసి ఆ వాక్యం కింద గీత గీశారు. అది వారి పక్షం వాక్యం కాదు.

ఇంకో గురువారం ఏసోబు గారి వంతు వచ్చింది. గుంటలో పడ్డ ఎద్దు గురించి చెబుతూ, "దశరథరామయ్య గారి నలభై ఎకరాలు ఎద్దు కాదు. జోజమ్మ అరెకరం ఎద్దే. ఆ ఎద్దు చస్తే ఆ ఇంట్లో చైత్రందాకా గంజి లేదు" అన్నారు. ఆమె పేరు చెప్పి వాదించాలని సుందరరాజు గారికి కూడా అంతవరకు తోచలేదు. "అవునండి, నేననుకున్నది అదే. మీరే బాగా చెప్పారు" అన్నారు. "అయితే ఈ పూట పచ్చడి నాకియ్యి" అని ఏసోబు గారు చెయ్యి చాచారు.

ఇద్దరూ కలిసి, రెండు సంఘాల ముందు చదవడానికి ఒక కాగితం రాయడం మొదలుపెట్టారు. రైతు పిలిచాడన్న కారణంతో ఎవరూ వెళ్లనక్కరలేదనీ, బీదవాని సొంత గింజలు పోయే సమయంలో వెళ్లడం కనికరమనీ, వెళ్లినవాడు వెళ్లనివాణ్ని గాని, వెళ్లనివాడు వెళ్లినవాణ్ని గాని తీర్పు తీర్చరాదనీ అందులో ఉంది. ఎవరు వాక్యం తీసినా, "నేను పొరబడి ఉండవచ్చు" అన్న మాటతో మొదలుపెట్టాలని కూడా ఉంది. మిగిలింది ఒక్క పేరా. ఇన్నాళ్లు విడిపోయి ఉన్న ఈ రెండు గుంపులు మొదటగా ఎవరి చోట, ఎవరు క్షమాపణ అడిగి, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చోవాలన్నది. దాని మీద వారికి ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.

1977 ఆగస్టు 18, గురువారం తెల్లవారుజామున ఏసోబు గారు ప్రభువునందు నిద్రించారు. దాని గురించి ఇంతకంటే రాయడం ఈ సంచికకు తగదు.

నెల రోజుల తరువాత సుందరరాజు గారు బైబిలు చేత పట్టుకుని ఏసోబు గారి ఇంటికి వెళ్లారు. "ముప్పై అయిదేళ్ల కింద అరువు తీసుకున్నాను వదిన గారూ. ఇది మీ ఇంటిది" అని ఆయన భార్యకు ఇవ్వబోయారు. ఆమె కూడా మన పాఠశాల ఉపాధ్యాయినే. ఆమె పుస్తకం తెరిచి చూశారు. ద్వితీయోపదేశకాండంలో ఎర్ర గీత ఉంది. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు అని రోమీయుల పత్రికలో ఉన్న చోట నీలి గీత ఉంది. మధ్యలో ఆ కాగితం ఉంది. ఆమె పుస్తకం మూసి తిరిగి ఇచ్చారు.

"కాగితం ఇంకా పూర్తికాలేదు కదండీ సార్. అయ్యాక ఇవ్వండి."

"ఆయన లేకుండా ఎలా అమ్మా? ఆయన వైపు మాట ఎవరు చెబుతారు?"

"నాలుగేళ్లు చెప్పింది మీరే కదండీ."

ఆ తరువాతి గురువారం నుంచి సుందరరాజు గారు ఏసోబు గారి ముంగిట్లో కూడే పదకొండు కుటుంబాల వారిని ఒక్కొక్కరినీ బడికి పిలిచి, వారి మాట వింటున్నారు. ఇప్పటికి ఏడు కుటుంబాలు వచ్చాయి. గుడి పక్షం నుంచి మొదట వచ్చి కూర్చున్నది జోజమ్మ. "ఈ వానాకాలం లోపల తేల్చండి మాస్టారూ, మళ్లీ మబ్బు పట్టేస్తుంది" అని ఆమె తొందరపెడుతున్నది.

ఈ 1978 జూన్ 30వ తేదీ శుక్రవారం నాడు శ్రీ సుందరరాజు గారు ముప్పై ఆరేళ్ల సేవను ముగించి పదవీ విరమణ చేస్తున్నారు. నాలుగు తరగతులను ఒంటరిగా నడిపిన ఆ గొంతు ఇంకా చాలా సంవత్సరాలు బలంగా ఉండాలని, గురువారాల నడకకు మోకాళ్లు సహకరించాలని, నాగేంద్రమ్మ గారితో కలిసి వారు ఆరోగ్యంతో, నిండు వయసుతో, ఇంటినిండా మనుషులతో ఉండాలని సహోపాధ్యాయులందరం కోరుకుంటున్నాము. బీరువా తాళంచెవి వారి దగ్గరే ఉంచవలసిందిగా కొత్త ప్రధానోపాధ్యాయుల వారిని మనవి చేస్తున్నాము.

ఆ కాగితంలో చివరి పేరా ఇంకా రాయలేదు. తిరువూరులో ప్రభువు బల్లను ఈ ఆదివారం కూడా రెండు చోట్ల పరిచారు.

మాణిక్యమ్మ ఏసోబు,
రెండో తరగతి ఉపాధ్యాయిని