దాలయ్య గుమ్మానికి వేపమండ

"రేపే పున్నమహో... పోయిన పున్నమి లెక్క చెప్పనోళ్ళు వినండహో..." అని వీధి చివర్నుంచి డప్పుతో పాటు కేక వినపడేసరికి గానుగ దాలయ్య చేతిలో గంజి ముంత చేతిలోనే ఉండిపోయిందంట. పెళ్ళాం అసిరమ్మ వైపు చూసి, "నా పేరేమన్నా చెప్పేడేటే?" అన్నాడు. "ఇంకా మన వీధిలోకి రాలేదు కదా, వచ్చేక చెప్తాడులే" అందంట ఆవిడ. చూశారా, ఎంత నిబ్బరంగా అందో. వీడేమో ముంత కింద పెట్టి తలుపు చాటుకెళ్ళిపోయాడు.

ఏమైందంటే, ఆ ఊరి దివాణంలో, అంటే జమీందారు కొలువులో, ఒక కట్టడి ఉంది. సొంతాన బేరం చేసుకునేవాడు, అంటే వాటాదారులూ గుమస్తాలూ లేకుండా అన్నీ తనే అయినవాడనుకో, పున్నమి పున్నమికీ చావిడికెళ్ళి సుంకరికి లెక్క చెప్పుకోవాలి. సుంకరంటే పన్ను పట్టే ఆయన. చెప్పకపోతే రోజుకింతని జరిమానా, వాడు అమ్మే సరుకులోంచే, గానుగోడికైతే సోలెడు నూనె. మళ్ళీ పున్నమి నాటిక్కూడా చెప్పలేదో, వాడి పనిముట్టు దివాణానికి. కుమ్మరికైతే సారె, గానుగోడికైతే ఎద్దు. దాలయ్యకున్నది ఒకే ఒక్క బూడిదరంగు ఎద్దు. అది తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మరి వీడెందుకు వెళ్ళలేదూ అంటారు. అదే చెప్తున్నా, తొందరపడకు బావా. పోయిన పున్నమి పొద్దున్నే వీడి కూతురికి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండ కట్టేరు. మీకు తెలియందేముంది, తల్లి ఇంట్లో ఉంటే తాలింపు పెట్టకూడదు, నూనె వాసన రాకూడదు, ఇంట్లోంచి ఏదీ బైటికి పోకూడదు. నూనె వాసనే రాకూడదంటే గానుగోడి గతేంటి? ఎద్దుని విప్పేశాడు. అంతకుముందు నెలంతా నువ్వులు దొరక్క చుక్క నూనె అమ్మలేదు, దొరికేసరికి ఇదొచ్చింది. బేరమే లేనప్పుడు చెప్పడానికి లెక్కేముందీ అనుకుని ఊరుకున్నాడు. అసిరమ్మ మాత్రం రోజూ పచ్చిమండ మార్చి, పాతదాన్ని పసుపుదారంతో కట్టి అటక మీద పెట్టేది. నయమయ్యాక అన్నీ కలిపి ఏట్లో వదలాలి కదా.

పందొమ్మిదో రోజున పిల్లకి ఆఖరి నీళ్ళు పోశారు. లేచి ఆడుకుంటోంది. అప్పుడైనా వెళ్ళొచ్చు కదా అంటే, వెళ్దామనే తువ్వాలు భుజాన వేసుకున్నాడంట. దారిలో కుమ్మరి గవరయ్య ఎదురై, "ఏమీ అమ్మకపోతే ఏమీ అమ్మలేదనైనా చెప్పాలిరా. నీకప్పుడే పందొమ్మిది సోలలు పడిపోయింది" అన్నాడు. అంతే, కాళ్ళు వెనక్కి తిరిగేయి. రేపెళ్తాననుకున్నాడు. రేపటికి ఇరవై అయింది. ఇరవై అంటే ఇంకా భయం. ఆ మర్నాటికి ఇరవై ఒకటి. భయపడి ఆగేకొద్దీ జరిమానా, జరిమానా పెరిగేకొద్దీ భయం, ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు అదొక తిరుగుడనుకో. అప్పుడు వీడికో పాడు బుద్ధి పుట్టింది. "ఆ ఆఖరి మండ గుమ్మానికే ఉండనీవే, అది చూస్తే సుంకరి లోపలికి రాడు" అన్నాడు. "తల్లి వెళ్ళిపోయాక మండ ఉంచడమేటి, తప్పు కాదూ?" అంది ఆవిడ. తప్పే, అయినా ఉంచేడు.

ఇదిగో, ఇప్పుడు ఆ డప్పు ఇంటి ముందుకొచ్చింది. వెనకాలే సుంకరి. మండ చూసేసరికి చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, అక్కడే ఆగిపోయాడంట. తలుపు సందులోంచి చూస్తున్న దాలయ్య హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నాడో లేదో, "దాలయ్యా, నేను లోపలికి రానులేవోయ్. ఎద్దు బైట పాకలోనే ఉంది కదా, రేపు మనిషొచ్చి తోలుకెళ్తాడు" అన్నాడంట సుంకరి. నెమ్మదిగానే అన్నాడు. వీడు కేక వేస్తే తట్టుకునేవాడే గానీ, ఆ నెమ్మదికి తలుపు దగ్గరే కూలబడ్డాడు.

అప్పుడు అసిరమ్మ ఏం చేసిందంటే, అటకెక్కి కట్టలన్నీ దింపి, గుమ్మానిది కూడా పీకి, తీసుకెళ్ళి సుంకరి ముందు పెట్టింది. "లెక్కెట్టుకోండి బాబూ. ఇవి పద్దెనిమిది, గుమ్మానిది ఒకటి. తల్లి మా ఇంట్లో ఉన్నది పందొమ్మిది రోజులు. అన్నాళ్ళూ గడప దాటి ఏదీ పోకూడదు, మాటైనా సరే. ఇదిగో, ఈ ఆఖరిది పది రోజులుగా మార్చలేదు. ఆ పది రోజులూ మా ఆయన దాక్కున్నాడు" అంది. సుంకరి ఆ మండ తీసి నలిపితే ఆకంతా పొడైపోయిందంట. ఆ పొడి దులుపుకుని కట్టలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. దాలయ్యకి ఆ కాసేపే నెలరోజులైంది. చివరికి, "తల్లి ఉన్న రోజులు దివాణం అడగదమ్మా. ఈ పదీ మాత్రం నీ మొగుడివే, ఇవి కట్టాలి. ఏమయ్యా, ఇప్పుడైనా లెక్క చెప్తావా?" అన్నాడు.

"ఏమీ అమ్మలేదు బాబూ."

"అంతేనా?"

"అంతే బాబూ."

సుంకరి తాటాకు మీద ఒక గీత గీశాడు. అయిపోయింది. దానికెంతసేపు పట్టిందంటారు? నేను చిటికేసినంత సేపు. ఆ చిటికె కోసం పది రోజులు తిండి లేదు, నిద్ర లేదు. ఎద్దుని కావలించుకుని ఏడ్చేడంట, అది మాత్రం తలూపి గడ్డి మేస్తూనే ఉంది. మండలు ఏట్లో కలిపేరు, గానుగ కట్టేరు, పొద్దు వాలేవేళ సుంకరీ డప్పాయనా తిరిగొస్తే పది సోలలూ కొలిచిచ్చేరు. నెల తర్వాత అసిరమ్మ మొదటి తాలింపు వేసిందేమో, ఆ వాసన వీధంతా పాకిపోయింది. "బాబూ, తినెళ్ళండి" అంది. సుంకరి కాళ్ళు కడుక్కున్నాడు, డప్పాయన డప్పు గోడకానించేడు, పిల్ల వాళ్ళిద్దరి మధ్యలో చేరింది. "రేపు పున్నమికి చావిడికి ఎవరెళ్తారో?" అంది అసిరమ్మ వడ్డిస్తూ. నోటినిండా అన్నం ముద్ద ఉందేమో, దాలయ్య చెయ్యెత్తేడంట.

జబ్బుకి మాఫీ దొరికింది గానీ, భయానికి దొరకలేదు చూడండి. పోన్లే, అన్నం మాత్రం అందరూ ఒకే వరసలో కూర్చుని తిన్నారు.