తోక తిరిగిన సంతకం

అమెరికాలోని టొలీడోలో, ఆటగాళ్ల బొమ్మల కార్డులు కొని అమ్మే సంతలో, గాజుపెట్టె వెనక కూర్చున్న వ్యాపారి ముసలాయన తెచ్చిన పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు కెస్లర్ బొమ్మా సంతకమూ ఉన్న కార్డును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"ఇది కెస్లర్ సంతకమా పెద్దాయనా, కోడి కెలికిందా?"

"నా కళ్లెదురుగానే పెట్టాడు."

"చెప్పొచ్చారులే! అసలుది ఇదిగో, నా పెట్టెలో ఉంది, తోక ఎంత సొగసుగా తిరిగిందో చూడండి. నిపుణులు అసలుదేనని ముద్ర వేసి మరీ ఇచ్చారు."

ముసలాయనకు నవ్వొచ్చింది.

"ఆ తోక నాది బాబూ. కెస్లర్ జట్టువాళ్ల బట్టలుతికేవాణ్ణి. కెస్లర్‌కి బద్ధకం. సంతకం కోసం అభిమానులు పంపిన కార్డులన్నీ నా మీదకి తోసేవాడు, నేనే గీకేవాణ్ణి. నాకు మాత్రం తన చేత్తో పెట్టిచ్చాడు."

"కోతలు కొయ్యకండి."

ముసలాయన కాగితపు రుమాలు మీద గీసి చూపించాడు. తోక అచ్చం అలాగే తిరిగింది.

"ఇప్పుడేమంటావు, నిపుణుడా?"

వ్యాపారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకో నాలుగు కార్డులిస్తాను, సంతకం పెట్టిపెడతారా?"