కొండమీద ఉడకని అన్నం: శ్రీ గంగాధరరావుగారి సేవాపథం

1924వ సంవత్సరం జూలై ఏడవ తేదీ సోమవారంనాడు, ఏలూరులోని మన ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకులుగా శ్రీ గంగాధరరావుగారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. నాటినుంచి నేటివరకు, ముప్పైమూడేళ్లపాటు, పరీక్షనాళిక చెప్పినదానికి ఒక్క అక్షరం కలపక, ఒక్క అక్షరం తీయక వైద్యులకు విన్నవించిన నిష్ఠాగరిష్ఠులు వారు. "బాగుందని రాసేయండి, రోగి సంతోషిస్తాడు" అని ఎవరైనా అంటే, కళ్లజోడు పైకి నెట్టి, "సంతోషం మీరు చెప్పండి, రంగు నేను చెబుతానండీ" అనేవారు.

1943లో యుద్ధసేవకై తరలి, పదకొండువేల అడుగుల ఎత్తునున్న ఒక సైనిక వైద్యశాలలో చేరారు. అక్కడి వంటవాడు సూర్రావు మన కొల్లేటి లంకవాడే, మధుమేహ పీడితుడు. మూత్రాన్ని నీలి ద్రావకంతో కలిపి కాచినప్పుడు చక్కెర అధికంగా ఉంటే ఇటుకరంగు తేలుతుంది. మైదానంలో నిత్యమూ ఇటుకరంగే చూపిన సూర్రావు పరీక్ష, కొండెక్కిన నెలకు నీలంగానే నిలిచిపోయింది! ద్రావకం చెడిందేమోనని గంగాధరరావుగారు కొత్తది కలిపి చూశారు. మళ్లీ అదే నీలం.

"ఈ కొండమీద బియ్యం మన మాట వినవండీ," అన్నాడు సూర్రావు. "ఎంత కాచినా పలుకులేనండీ. రెండు ముద్దలు తినేసరికి దవడలు పీకుతున్నాయండీ."

అంత ఎత్తున నీరు తక్కువ వేడికే మరుగుతుంది, అన్నం ఉడకదు. అయితే చక్కెరను తగ్గించింది కొండ కాదు, అర్ధాకలేమో! అనుమానం పట్టుకుంటే వారిని ఒక పట్టాన వదలదు. శస్త్రపరికరాలను ఆవిరి ఒత్తిడితో శుద్ధిచేసే ఆటోక్లేవులో గిన్నె పెట్టి, మల్లెపువ్వులాంటి అన్నం వండి, వారంరోజులు సూర్రావుకు కడుపునిండా పెట్టారు. రోజూ ఇచ్చే ఇన్సులిన్ సూదిమందు మోతాదు మార్చలేదు. అయినా రంగు, కాస్తంత చక్కెరకే గుర్తైన లేతాకుపచ్చ దాటలేదు; అంటే కారణం అర్ధాకలి కాదన్నమాట. ఎనిమిదోనాడు కత్తెరలకోసం మూత తీసిన సర్జనుగారికి పొగలుకక్కే అన్నం దర్శనమిచ్చింది. ఆనాడు ఆయన మందలిస్తూ ఇచ్చిన మెమో నేటికీ గంగాధరరావుగారి పెట్టెలో భద్రంగా ఉంది. ఇంటికెవరు వెళ్లినా కాఫీకంటే ముందు అదే వస్తుంది, ఏం చేస్తాం!

1946లో మైదానానికి దిగాక ఇటుకరంగు తిరిగొచ్చింది. సూర్రావు తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర భోజన హోటలు పెట్టుకున్నాడు. కొండ ముచ్చటను గంగాధరరావుగారు మురిసిపోతూ అందరికీ చెప్పేవారు. ఆ మురిపెమే నిరుడు ముప్పు తెచ్చింది. కాలిమీద పుండు లేచిన సూర్రావు, సూదిమందు మానేసి కొండకు ప్రయాణం కట్టాడని కబురొచ్చింది. వెంటనే గంగాధరరావుగారు చేతిలో పని మాకప్పగించి, మొదటి బస్సులో గూడెం వెళ్లి, ప్లాట్‌ఫారం మీద అతణ్ణి పట్టుకున్నారు.

"కొండమీద తగ్గుద్దని మీరే కదండీ చెప్పారు?"

"చెప్పాను. సగమే చెప్పాను, తప్పు నాదే. పల్చటి గాలివల్లో, చలివల్లో, ఎక్కిదిగే నడకవల్లో నాకే తెలీదయ్యా. ఒక్క నిన్ను చూసి రాసుకున్న మాటది. ఈ కాలు పోగొట్టుకుని ఏ కొండెక్కుతావు?"

ఆ మాటంటూ వారు కంటతడి పెట్టారట. సూర్రావు టిక్కెట్టు జేబులో కుక్కుకుని, వారి వెంట ఏలూరు బస్సెక్కాడు. మన ఆసుపత్రిలో మూడు నెలలకు పుండు మానింది.

ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న గంగాధరరావుగారు, వైద్యుల అనుమతితో, సూదిమందుతో, నీలి ద్రావకంతో సూర్రావును వెంటబెట్టుకుని రెండు నెలలు కొండ ఊళ్లో ఉండబోతున్నారు. అక్కడ స్థిరపడిన, మధుమేహమున్న మనవాళ్లను మరో పదిమందినైనా పరీక్షించి చూడాలని వారి సంకల్పం. ఆటోక్లేవు దొరకదు కనుక, ఆవిరి బిగించి వండే కొత్తరకం కుక్కరును సహోద్యోగులందరం కానుకగా సమర్పిస్తున్నాం. ఈసారి మెమో భయం లేదు!

అర్ధాంగి శ్రీమతి శేషారత్నంగారితో కలిసి వారు సంపూర్ణారోగ్యంతో చల్లగా నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. గంగాధరరావుగారూ, కొండనుంచి వచ్చే మీ ఉత్తరంకోసం ఈ ప్రయోగశాల ఎదురుచూస్తూ ఉంటుంది. నీలమైతే నీలమని, ఇటుకరంగైతే ఇటుకరంగని రాయండి. మీరు రాస్తే మేము నమ్ముతాం.