చైనా హోటల్లో ఆయ్

ఎనభై మూడో సంవత్సరం మాట. వెంకటస్వామి నాలుగు రోజులుగా మా కొట్లోనే ఇడ్లీ తింటున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగక కాదు. పొయ్యి వెలుగుతోంది, అతని ముందు కంచమే పడట్లేదు. పెళ్ళాం రత్నం పెట్టట్లేదు.

కొత్తపేటలో బస్సు ఆగే చోట మా టీ కొట్టు. ముందు మా అబ్బాయి సత్యం టీ కాస్తాడు, తడిక వెనకాల నేను పప్పు రుబ్బుతాను. ఆ పొద్దున్న రత్నం కూడా మా రోట్లో రుబ్బుకుంటానని గిన్నెడు మినప్పప్పుతో వచ్చింది. "వైజాగు నించి వచ్చినకాడి నించీ మొగుడితో మాటల్లేవంటగా, ఏమైందే?" అని అడిగితే పొత్రం తిప్పుతుందే గాని పలకదు.

ఇంతలో తడిక అవతల వెంకటస్వామి గొంతు లేచింది. కొబ్బరి పీచు తాళ్ళు పేని అమ్ముతాడు వాడు, మాటలు కూడా అలాగే పేనుతాడు. పెళ్ళాం ఇక్కడుందని వాడికి తెలీదు.

"పెద్ద గొప్పేం కాదండి మేష్టారూ," అంటున్నాడు రామ్మూర్తి మేష్టారితో. "వైజాగులో మా బావమరిదింటికెళ్ళేం కదా, రత్నాన్నీ పిల్లనీ చైనా హోటలుకి తీసుకెళ్ళేను. అంతే. అందరూ వెళ్ళేదే. కాకపోతే మనం గుమ్మం తొక్కడం వేరు కదండీ? ఆ గుమ్మం మీద ఓ జంతువుందండి, పాముకి కాళ్ళొచ్చి మొసలికి మీసాలొస్తే ఎలా ఉంటాదో అలా. అది నన్ను చూసి తల దించిందండి!"

"బొమ్మా?"

"బొమ్మేనండి. అదే కదా విచిత్రం!"

నాకు మనసాగలేదు. ఆ ఏడే వయోజనుల బడిలో అక్షరాలు దిద్దేను, ఏ బోర్డు కనపడినా కూడబలుక్కుంటున్న రోజులు. "ఒరే వెంకటస్వామీ," అని తడిక మీదుగా కేకేసేను, "చైనా అక్షరాలు ఎలా ఉంటాయిరా? గుణింతాలుంటాయా?"

"గుణింతాలా పిన్నిగారూ! ఒక్కో అక్షరం ఒక్కో ఇల్లండి. తలుపులు, కిటికీలు, దూలాలు, అన్నీ ఉంటాయి. చదవాలంటే లోపలికెళ్ళి రావాలి. సరే, హోటల్లో మిట్టమధ్యాహ్నం చీకటండి. ఎర్ర కాయితం బుట్టల్లో దీపాలు. ఓ చైనా ఆయనొచ్చి వంగి ఏదో అడిగేడు. మనకా ఆ భాష రాదు, అలాగని మర్యాద తప్పకూడదు, మనవైపు అవునండీ అన్నట్టు 'ఆయ్' అన్నాను. ఇంకోటడిగేడు, 'ఆయ్' అన్నాను. మూడోదానికి 'ఆయ్ అండి' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన కళ్ళమ్మట నీళ్ళు! వాళ్ళ మామ్మ పోయేక ఆ మాట అంత చక్కగా అన్నవాడే లేడంట."

"ఆ ముక్క ఏ భాషలో చెప్పేడు అన్నయ్యా?" అన్నాడు సత్యం.

"కళ్ళతో చెప్పేడ్రా. నువ్వు టీ చూసుకో, పొంగిపోతోంది."

నా పక్కన పొత్రం ఆగింది. "ఆయ్ అన్న మాట మాత్రం నిజవే," అని గొణిగి, రత్నం మళ్ళీ తిప్పింది. ఈసారి విసురుగా.

"చెంచా అడిగితే రెండు పుల్లలిచ్చేరండి. మన కొబ్బరీనెలు కాస్త ఒళ్ళు చేస్తే అవే. ఆ పైన సేమ్యా తెచ్చేరు. మన పాయసంలో తుంపలు కాదండీ, పళ్ళెం మొత్తానికి ఒకటే పోగు. మొదలు నా నోట్లో, చివర వంటింట్లో! నేనిటు లాగుతుంటే వంటవాడు అటు లాగుతున్నాడు."

అంత పొడుగు పోగు ఎలా ఒత్తుతారా అని నా ఆలోచన. జంతికల గొట్టంలో అయితే తెగిపోదూ? "ఏ పిండిరా అది?" అన్నాను.

"చైనా పిండేనండి పిన్నిగారూ! ఇంక ఇలా లాభం లేదని, దాన్ని రెండు పుల్లలకీ చుట్టి, మన పీచు పేనినట్టు మూడు పేటలేసి పేనేసేను. ముప్పై బారల తాడు. సరిగ్గా అప్పుడే రేవులో కేకలు. ఓడ కట్టు తెంపుకుని సముద్రంలోకి పోతోంది! ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకెళ్ళి, తాడు విసిరి, ముడి బిగించి ఒక్క గుంజు గుంజేనండి. ఓడ టక్కుమని ఆగింది. కెప్టెను టోపీ తీసేసేడు."

"ఉడికిన సేమ్యాతో ఓడని కట్టేవా?" అన్నారు మేష్టారు.

"ఆరబెట్టేక కట్టేనండి. మనం పీచు ఆరబెట్టమా?"

"ఆరేదాకా ఓడ ఆగిందా?"

"మర్యాదస్తుల ఓడండి."

సత్యం నవ్వలేక గ్లాసు కింద పెట్టేసేడు. వెంకటస్వామి ఇంకా పైకెక్కేడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? చైనా నించి తంతి! వాళ్ళకి కొండల మీద పొడుగాటి గోడొకటుంది చూడండి, అది గాలికి ఊగుతోందంట. వెంకటస్వామిగారు దయచేసి ఓ తాడు కట్టి వెళ్ళాలి అని. నేను చెప్పేసేను, ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటుకి తాళ్ళు ఒప్పుకున్నాను, అవి అయ్యేదాకా చైనా గోడ ఓపిక పట్టాలి అని."

"దానికి వాళ్ళేమన్నారు?"

"ఆయ్ అన్నారండి."

నేనూ నవ్వేను. నవ్వుతూనే, వాడు ఇంతసేపూ చెప్పనిది ఒకటుందని తోచింది. "అది సరే గానీ వెంకటస్వామీ, రుచి ఎలా ఉందిరా? కారంగా ఉందా, పుల్లగా ఉందా?"

ఓడని కట్టినవాడు ఇక్కడ తడబడ్డాడు. "రుచంటే... చైనా రుచేనండి," అన్నాడు.

రత్నం పిండి చేతుల్తోనే తడిక దాటి వెళ్ళింది, వెనకాలే నేనూ. "ఈయన్నెందుకడుగుతారు అత్తయ్యగారూ! తింటే కదా చెప్పడానికి!"

వెంకటస్వామి బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"పళ్ళేలు నిండుగా వచ్చేయండి, పొగలు కక్కుతా. చల్లారేలోగా చేతులు కడిగించుకొస్తానని పిల్లని తీసుకెళ్ళేను. మేమొచ్చేసరికి బల్ల తుడిచేసి ఉంది! 'అయిపోయిందా, తీసెయ్యనా' అని ఆ మనిషి ఇంగ్లీషులో అడిగేడంట. ఈయన ఆయ్ అన్నారు. 'ఇంకేమీ వద్దా' అంటే దానికీ ఆయే!"

"చైనావాడికి మన ఆయ్ ఎలా అర్థమైందమ్మా?" అన్నారు మేష్టారు.

"చైనా ఎక్కడండీ! అతన్ది మన పక్క రాయవరం. పేరు దానం. 'మా వైపోరేనా అండి? ఆయ్ అన్నారు కదాని తీసేసేనండి, పారబోసేసేరండి' అని అతనే బాధపడ్డాడు. మళ్ళీ తెప్పించుకోడానికి డబ్బుల్లేక అట్నించటే బస్సెక్కి, రావులపాలెంలో దిగి అరటిపళ్ళు తిన్నాం. అందుక్కాదండి నా కోపం. మా పిల్ల చిన్నమ్మలు బళ్ళో అందరికీ చెప్పి మరీ వెళ్ళింది, చైనా సేమ్యా తినొస్తానని. ఎలా ఉందే అనడిగితే ఏం చెప్పాలో తెలీక నాలుగు రోజులై బడికెళ్ళనంటోంది."

"అదా, పిల్ల మా బడికి రానిది!" అన్నారు మేష్టారు.

వెంకటస్వామి తలొంచుకున్నాడు. "అందుకే కదండీ ఈ కథ కడతన్నాను," అన్నాడు సన్నగా. "పిల్ల చెప్పుకోడానికి ఏదోటి ఉండాలి కదా. ఓడ దాకా బాగానే వస్తోందండి. రుచి దగ్గరికొచ్చేసరికి తాడు తెగిపోతోంది."

రత్నం అతనికేసి చూసింది. వైజాగు నించి వచ్చేక అదే మొదటిసారి చూడ్డం అనుకుంటాను.

"వాసనన్నా తగిలిందటే?" అన్నాను దాన్ని.

రత్నం కళ్ళు మూసుకుంది. "మాడీ మాడని వెల్లుల్లి... ఉల్లికాడలు... మిరియాలు... వెనకాల ఏదో పులుపండి."

"చాలు. రేపు పొద్దున్నే సేమ్యా విరవకుండా ఉడకబెట్టి అవన్నీ వేస్తాను. పిల్లని తీసుకురా. తినేసి బడికెళ్తుంది. చైనాదో కాదో ఎవరికి తెలుసు గానీ, ఎలా ఉందో నాకూ తెలుస్తుంది."

రత్నం చేతికంటిన పిండి దులుపుకుంది. "ఈయన్ని కూడా తీసుకురానా అండి?" అని, మొగుడివైపు తిరిగింది. "ఏవండీ, పిల్ల తినడం అయ్యేదాకా ఎవరేం అడిగినా నోరు తెరవకుండా కూర్చుంటారా?"

వెంకటస్వామి నోరు తెరిచేడు. సత్యం, మేష్టారు, నేను, అందరం ఆ నోటికేసే చూస్తున్నాం. నాలిక చివరిదాకా వచ్చినదాన్ని వాడు గుటకేసి మింగి, తల మాత్రం ఊపేడు.