లైటు చూడ్డానికి తీసిన ఫొటో

హలో… ఆ, నేనే. అక్కని. ఏంట్రా ఆ హోరు?… నది దగ్గరున్నావా? ఇవాళ కూడానా?

ఒరేయ్, ఎగ్జిబిషన్ నీది. నువ్వు తప్ప అందరూ వచ్చారు. మీ బావ కూడా వచ్చారు, అదీ ఇస్త్రీ చొక్కా వేసుకుని.

…మంచు విడిచేదాకా కదలవా. సరే, కూర్చో. పన్నెండు చలికాలాలు కూర్చున్నావు, ఇంకో పూటకేమైంది.

…జనమా? ఉన్నారు.

…నీ నదుల ముందా? చెప్తే బాధపడతావు.

సరే విను. పదకొండు ఫొటోలు. మొదటిదాంట్లో మంచు. రెండోదాంట్లో ఇంకాస్త మంచు. మూడోదాంట్లో పడవ కొస ఒకటి కనబడితే అందరికీ ప్రాణం లేచొచ్చింది. కింద 'చలికాలంలో నది' అని రాశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే అద్దం తుడవలేదనుకునేవాళ్లు. ఒకావిడ ఆరో నంబరు ముందు చాలాసేపు నిలబడింది. నీ దశ తిరిగిందనుకున్నా. దగ్గరికెళ్లి చూస్తే ఆ అద్దంలో జుట్టు సర్దుకుంటోంది.

…నవ్వట్లేదు. నా గొంతే అంత.

అయినా నేను ఫోన్ చేసింది అందుక్కాదు. పన్నెండోదాని గురించి.

…హలో? ఉన్నావా?

పన్నెండోది రా. నది కానిది.

…నీళ్లు నమలకు. ఇకనుంచి మనుషుల్ని తీస్తాను, ముందు నీ మీద చెయ్యి అలవాటు చేసుకుంటానక్కా అన్నావు. సరేనన్నా. పార్లర్‌కి వెళ్లొచ్చా. జుట్టుకి రంగేసుకున్నా. నలభై ఫొటోలు తీశావు. నలభైలోనూ నవ్వా, దవడలు నొప్పెట్టేదాకా. అవేవీ పనికిరాలేదు నీకు. వాటికన్నా ముందు, కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతిలో బూడిదరంగు అట్టముక్క పెట్టి, "ఊరికే లైటు చూస్తున్నానక్కా, ఇది ఫొటో కాదు" అన్నావే… అది తగిలించావు. తలుపంత సైజు చేసి.

…బాగుందా? ఎవరికి?

ఆ అట్టముక్కని ఏమంటున్నారో తెలుసా ఇక్కడ? ఒక గడ్డమాయన, పేపర్లో రాస్తాడట, అది ఆవిడ ఎన్నడూ రాయలేకపోయిన ఉత్తరమన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. అది రంగులు సరిచూసుకునే అట్టండీ అని నోటిదాకా వచ్చింది. నీ పరువు కోసం మింగేశా.

…అవును, కొంటానని ఒకావిడ వచ్చింది. గ్యాలరీ అమ్మాయి చెప్పింది. పళ్ల డాక్టరట. క్లినిక్‌లో కుర్చీకి ఎదురుగా పెట్టుకుంటుందట. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లు వేరే దిక్కులేక నన్నే చూస్తారు. ఈవిడ కన్నా మన పన్నే నయమనిపిస్తుంది.

…నేను సంతకం పెడితేనే అమ్మొచ్చట. కాగితం నా చేతిలోనే ఉంది.

పెట్టను.

…తెలుసు, నీ మొదటి అమ్మకం.

…ఇది అమ్ముడుపోతే వచ్చే ఏడాది నీ మనుషుల ఫొటోలకి హాలిస్తామన్నారా?… పోకపోతే?

…కెమెరా కట్టిపెట్టేస్తావా. బెదిరించకు. నా మొహం అలా ఉంటుందని నాకే తెలీదురా. ఇంతమంది మధ్యలో నిలబడి తెలుసుకోవాలా నేను?

…బావా? ఏమీ అన్లేదు.

…లేదన్నాగా.

దాని ముందు నిలబడ్డార్రా. పావుగంట. నేను వెనకే ఉన్నా. ఇదేంటి ఇలా పడ్డావని నవ్వుతారు, నాలుగు అంటించుదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నా. వెనక్కి తిరిగి… "ఎవరో పాపం, చాలా దిగులుగా ఉంది కదా" అన్నారు.

…

నవ్వకు… నవ్వట్లేదా. సరే.

…కళ్లజోడు పెట్టుకునే ఉన్నారు. పెళ్లయి ముప్పైయొక్కేళ్లు. ఆ గ్యాలరీ అమ్మాయి నన్ను గుమ్మంలోనే గుర్తుపట్టిందిరా.

…పరాకు కాదు. పరాకైతే బాగుండేది. చాలా శ్రద్ధగా చూశారు.

…ఎప్పుడు? నువ్వు తీసినప్పుడా? ఏం ఆలోచిస్తున్నానో ఏమో. ఫొటో కాదన్నావుగా. ఎవరూ నన్ను చూడట్లేదనుకున్నా. అంతే.

…

హలో. ఒరేయ్. ఏడుస్తున్నావా? నది ఒడ్డున ఒక్కడివే కూర్చునా? కెమెరా తడుస్తుంది, మొహం తుడుచుకో.

…ఉండు. లైన్లో ఉండు.

అమ్మాయ్, కాస్త పెన్నివ్వమ్మా… ఇక్కడేనా?… పూర్తి పేరా, పొడి అక్షరాలు చాలా?… సరే.

…ఆ, పెట్టేశా. అమ్ముకో.

…నీ కోసం అనుకుని సంబరపడిపోకు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చూస్తారుగా. చూడనీ. రోజుకి పదిమందైనా చూడనీ.

ఒక్కటి చెప్తా విను. ఇంకెవరినైనా తీసేటప్పుడు ఫొటో తీస్తున్నానని చెప్పి తియ్యి.

…చెప్తే మొహం బిగిసిపోతుందా? పోనీ. అదీ వాళ్ల మొహమే.

ఇదిగో, మీ బావ ఇటే వస్తున్నారు. ఉండు…

ఏంటండీ?… ఎవరు, ఆ ఫొటోలో ఆవిడా?… వాణ్నే అడుగుతున్నా ఫోన్లో. వాడికీ అంతగా తెలీదటండీ.

…లేదు, నాక్కూడా పెద్దగా పరిచయం లేదు.

పెట్టేస్తున్నా రా.