అడిగేవాళ్ల వైపు

సాయంత్రం, ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. ఒకే తెర ముందు బిల్లుల ప్రోగ్రాం రాసే అక్క, మందుల ప్రోగ్రాం రాసే తమ్ముడు. ఇద్దరిదీ పిలుపు వరసే.

“బిల్లుల ప్యాకేజీ మందుల్ని పిలవడం మానాలి. మందులది బిల్లుల్ని పిలవడం మానాలి. రెండూ కలిసి ఒక్క ప్రోగ్రాంగా బిల్డ్ అవ్వాలి. ఆరింటికల్లా ఆస్పత్రివాళ్లకి పంపాలి. వీటిలో ఏదయింది తమ్ముడూ?”

“ఏదీ కాలేదక్కా. నాకు నువ్వు కావాలి, నీకు నేను కావాలి. ముందు ఎవర్ని కట్టాలో తెలీక, కోడ్‌ని ప్రోగ్రాంగా కట్టే కంపైలర్ ఇద్దర్నీ బయటే నిలబెట్టింది.”

“మధ్యలో ఇంటర్‌ఫేస్ పెట్టమన్నాగా, ఏం అడగాలో మాత్రం రాసుకునే చీటీలా.”

“పెట్టా. ‘డబ్బు కట్టారా’ అని ఒక్క ఫంక్షన్ పేరు, అంతే. మళ్లీ అదే ఎర్రర్.”

“ఎక్కడ పెట్టావు?”

“నీ బిల్లుల్లోనే. జవాబు చెప్పేది నువ్వేగా.”

“అదే తప్పు. దాన్ని చూడ్డానికైనా నువ్వు మళ్లీ నా గుమ్మం ఎక్కాలి. ఇంటర్‌ఫేస్ అడిగేవాళ్ల వైపు ఉండాలి. నీకేం కావాలో నీ దగ్గరే రాసుకో. ఎవరిస్తారో నీకనవసరం. ఇద్దర్నీ కలపడం పైనున్న మెయిన్ ప్రోగ్రాం చూసుకుంటుంది.”

“సరే, మార్చా. ఇప్పుడు... ఆగు, ఆగు. మళ్లీ అదే.”

“జవాబుగా ఏం తిరిగిస్తోంది నీ ఫంక్షన్?”

“రసీదు.”

“రసీదు ఎవరి ప్యాకేజీది?”

“...నీదే.”

“మరి? పేరు నీ ఇంట్లో, సరుకు నా ఇంట్లో. మందులివ్వడానికి రసీదంతా నీకెందుకు? కట్టారా, లేదా. అంతవరకే అడుగు.”

“రసీదు ప్రతి ఫైల్లోనూ వాడేశానక్కా. ఆరింటికి అవదు. ఈ ఆస్పత్రి పని పోతే నన్ను ఉంచరు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కణ్నే.”

“ఒక్క ఫైలు మార్చు. చాలు.”

“ఒక్కటి మారిస్తే బిల్డ్ అవుతుందా?”

“అవదు.”

“మరెందుకు? అక్కా, ఎందుకలా చూస్తున్నావు?”

“ఆస్పత్రివాళ్లు మధ్యాహ్నమే వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. రేపట్నుంచి మనిద్దరం రానక్కర్లేదు.”

“తెలిసీ... తెలిసీ ఇంతసేపు చేయించావా?”

“ఇంకోచోట ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు. చేత్తో చేస్తేనే వస్తుంది.”

“నీకెవరు నేర్పారు ఇది?”

“నాకంటే ముందు ఈ బిల్లులు రాసిన మాస్టారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇలాగే, ఓపిగ్గా.”

“ఎప్పుడు?”

“ఆయన్ని తీసేసిన రోజు. ఆ సంగతి మర్నాడు ఖాళీ కుర్చీ చూశాకే నాకు తెలిసింది. నువ్వు ఎవరికైనా ఇది నేర్పేటప్పుడు, ఆయన్ని ఒకసారి తలుచుకో.”